అబ్బా కారుకి రంగు

పేంటర్ ఇంటి ముందే రంగు ఊడిన కారు నిలబడి ఉంటే గల్లీలో ఎంత మజాకో వేరే చెప్పక్కర్లేదు. మా అబ్బా ముప్పై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో డెంటింగు, పేంటింగు పని చేశారు. లారీ క్యాబిన్లు, అంబాసిడర్లు, జీపులు, ఎన్నిటికి రంగు కొట్టారో ఆయనకే హిసాబు లేదు. సొంతానికి కారు కొనేసరికి మాత్రం ఉమర్ అయిపోయింది, దమ్ము పట్టుకుంది. థిన్నర్ వాసన తగలకూడదని డాక్టరు సాబ్ గట్టిగా చెప్పారు. 2007 మోడల్ మారుతి 800, సెకండ్ హ్యాండ్ది. కొన్న కొత్తలో ఒక షెడ్డుకిచ్చి రంగు వేయించాం. పేరెందుకులెండి. వాళ్లు తుప్పు తియ్యకుండా పైనే కొట్టేశారు. ఏడాది తిరక్కముందే చక్రాల పైన, డోర్ల కింద అట్ల మీద బుడగల్లా రంగు లేచింది. అబ్బా రోజూ ఫజర్ నమాజుకి మసీదుకెళ్తూ ఆ బుడగల్ని చూసుకుంటూ వెళ్లేవారు. ఏమీ అనేవారు కాదు. మళ్లీ షెడ్డుకి ఇద్దామంటే మాత్రం "నై" అనేవారు.

కారుకి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడింది. గడువు పెంచాలంటే బండిని ఆర్టీఏ ఆఫీసులో చూపించాలి. మా బావ "తూకానికి అమ్మేయండి మామా" అన్నాడు. ఇంకో షెడ్డులో అడిగితే ఇరవై ఎనిమిది వేలు చెప్పారు. కారు ఖీమతే అంతకి కాస్త ఎక్కువ. అప్పుడు నేనే కొడతానన్నాను. నేను బడిపంతుల్ని. పిల్లాడిగా ఉన్నప్పుడు సెలవుల్లో అబ్బా వెంట షెడ్డుకెళ్తే నా చేతిలోంచి రేగ్‌మాల్ లాక్కునేవారు. మన వాళ్ల ఇళ్లల్లో ఇది మామూలే కదా. ఉస్తాద్ ఎంత గొప్పవాడైనా తన హునర్ కొడుక్కి అంటకూడదనే దువా చేస్తాడు. డిగ్రీకి ఉన్న ఇజ్జత్ చేతి పనికి లేదని ఆయనకి తెలుసు. అందుకే నేను కొడతానన్నప్పుడు చాలాసేపు పలకలేదు. ఇషా అయ్యాక, పడుకునే ముందు, "సఫేదే హై నా? హో జాతా" అన్నారు. అదే ఇజాజత్.

తెలుపు కావడం నిజంగా ఖుష్‌నసీబీ. మెటాలిక్ రంగుల్లో వెండి పొడిలాంటి రజను ఉంటుంది. గన్ను ఒకచోట నెమ్మదిగా, ఒకచోట జోరుగా పోయిందంటే మబ్బులు పట్టినట్టు మచ్చలు కనపడతాయి. పైన మళ్లీ క్లియర్ కోటు కొట్టాలి. సాదా తెలుపుకి ఆ పరేషానీ లేదు. పైగా ఆర్సీలో రంగు రాసి ఉంటుంది. తెలుపు మీద తెలుపే కొడుతున్నాం కాబట్టి మార్పించుకునే బాధ తప్పింది. మా అబ్బాయికి ఎరుపు కావాలట. వాడి రాయ్ ఎవరూ అడగలేదు.

రంగు కొట్టడం ఈ పనిలో రూపాయికి పదిపైసల వంతు. మిగతాదంతా రుద్దుడే. ముందు సబ్బు నీళ్లతో కడిగి, జిడ్డూ పాలిషూ పోయేలా థిన్నర్ గుడ్డతో తుడిచాను. పాలిషులో సిలికాన్ మిగిలితే కొత్త రంగు అక్కడ పట్టుకోదు, చేపకళ్లలాగా గుంటలు పడుతుంది. తర్వాత వైర్ బ్రష్, 80 నంబర్ రేగ్‌మాల్‌తో తుప్పు మీద పడ్డాను. బుడగ రూపాయి బిళ్లంత ఉంటే కింద తుప్పు అరచేయంత ఉంది. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, ఆ రోజు ప్రైమర్ ఆ రోజే వేసెయ్యాలి. రాత్రి తేమకి వదిలేస్తే పొద్దున్నకి మళ్లీ ఎర్రబడుతుంది. డ్రైవర్ వైపు డోరు కింద ఇనుము చిల్లే పడింది. అక్కడ మాత్రం అబ్బా పాత షాగిర్ద్ ఒకాయన గ్యాస్ సిలిండర్ తెచ్చి రేకు ముక్క అతికి, చాయ్ తాగి వెళ్లాడు. పైసలు తీసుకోలేదు.

ఆ పైన లప్పం. హార్డెనర్ చిటికెడంత కలిపితే చాలు, కొన్ని నిమిషాల్లో రాయిలా బిగుస్తుంది. అందుకని కొంచెం కొంచెమే కలుపుకోవాలి. ఈ లప్పాన్ని పొడిగానే రుద్దాలి, నీళ్లు పెడితే పీల్చుకుని లోపల ఇనుముకి చెమ్మ ఇస్తుంది. నీళ్లు పోసి రుద్దడం ప్రైమర్ దగ్గర మొదలవుతుంది. 320, 400, 600, చివరికి 800. కాగితాన్ని వట్టి వేళ్లతో పట్టుకుంటే వేళ్ల కింద గాళ్లు పడతాయి, చెక్క ముక్కకి చుట్టి రుద్దాలి.

అబ్బా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నది ఈ రోజుల్లోనే. నా కంటికి డోరు అద్దంలా ఉంది. "హోగయా అబ్బా" అన్నాను. ఆయన లేచొచ్చి, భుజమ్మీది తువ్వాలు పల్చగా పరిచి, దాని మీంచి అరచెయ్యి జరిపారు. మధ్యలో ఆగి, "యహాఁ" అన్నారు. "ఆంఖ్ సే నై బేటా, హాత్ సే దేఖ్." నేనూ అలాగే తువ్వాలు మీంచి చెయ్యి పెట్టి చూశాను. గుడ్డ ఉంటే చెయ్యి అంటుకోకుండా జారుతుంది, చిన్న ఎత్తుపల్లం కూడా తెలిసిపోతుంది. ఆయన కంటికి మోతియాబింద్ వచ్చి ఆపరేషన్ కూడా అయింది. ఆ చేతికి మాత్రం ఏమీ కాలేదు. ఆ డోరొక్కటే నాలుగు రోజులు రుద్దాను. షెడ్డులో చేరిన పిల్లాడికి ఉస్తాద్ ఏళ్ల తరబడి రేగ్‌మాల్ తప్ప గన్ను ఎందుకు ఇవ్వడో నాకప్పుడు తెలిసింది. నాకు అప్పుడు నలభై మూడేళ్లు.

ఏ పేంటు అన్న బహస్ ఇంట్లో రెండ్రోజులు నడిచింది. ఇప్పుడు షెడ్లన్నీ పీయూ పేంటే కొడుతున్నాయి. హార్డెనర్ కలిపేది, మెరుపూ ఎక్కువ, మన్నికా ఎక్కువ. కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పీలిస్తే ఆస్తమా తెచ్చిపెడతాయి. ముక్కుకి దస్తీ కట్టుకుంటే ఆగేవి కావు, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కులు కావాలి. ఆటోనగర్‌లో అబ్బా తరం మొత్తం దస్తీలతోనే బతికింది. ఆ దమ్ము దేనివల్ల వచ్చిందో ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. మా ఇంటి వాకిట్లో మాత్రం అది వద్దనుకున్నాం. పాత రంగు మీద థిన్నర్‌లో తడిపిన దూది రుద్ది చూస్తే తెలుపు దూదికి వచ్చేసింది. అంటే షెడ్డువాళ్లు కొట్టింది ఎన్‌సీ పేంటు, నైట్రోసెల్యులోజ్. దాని మీద మళ్లీ అదే బాగా కూర్చుంటుంది.

మన పెద్దవాళ్లు డ్యూకో అనేది ఈ జాతి పేంటునే. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920లలో పెట్టిన పేరది. అంతకు ముందు కారు రంగు ఆరడానికి రోజులూ వారాలూ పట్టేది, ఇది గంటల్లో తెచ్చిపెట్టింది. తుపాకీ మందు జాతి సరుకు కాబట్టి నిప్పంటే భగ్గుమంటుంది. ఆ వారం వాకిట్లో బీడీ ఎవరినీ కాల్చనివ్వలేదు, అమ్మీ పొయ్యి కూడా పెరట్లోకి మారింది. నేను వాసన ఆపే డబ్బాల మాస్కు కొన్నాను. దుమ్ము మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు.

అద్దాలకీ టైర్లకీ కాగితాలు అతికించే పని అమ్మీది. ఉర్దూ అఖ్బార్ ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు. ఎక్కడ అల్లాహ్ పేరుంటుందో, ఎక్కడ ఆయత్ ఉంటుందో అని భయం. తెలుగు పేపర్లో స్థలాల అడ్వర్టైజ్‌మెంట్లు తెచ్చి ఇచ్చింది. పక్కింటి పిన్నిగారికి ముందురోజే చెప్పి, ఆరేసిన బట్టలు, డాబా మీది మిరపకాయలు తీయించాం. ఎన్‌సీ గాల్లోనే ఆరిపోయి పొడిలా నాలుగిళ్ల దూరం వెళ్తుంది. పడోసీ హఖ్ సంగతి అబ్బా మరీ మరీ గుర్తు చేశారు. ఇంకో మాట. గోళ్ల మీద పేంటు ఉంటే కిందికి నీళ్లు చేరవు, వజూ కాదు. జొహర్‌కి ముందు కూర్చుని గోళ్లు గీక్కోవడం కన్నా గ్లౌజులు వేసుకోవడం నయం.

గన్ను పట్టే రోజు అబ్బాని ఆపా వాళ్లింటికి పంపించేశాం. వెళ్లనని చాలా జిద్దు చేశారు. వెళ్లాక పది నిమిషాలకొకసారి ఫోను. ఎండ వచ్చిందా? గాలి ఏ వైపు? కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలావా? గుంటూరు తేమకి ఎన్‌సీ భయపడుతుంది. థిన్నర్ ఎగిరేటప్పుడు రేకు చల్లబడి గాల్లో చెమ్మ దాని మీద చేరుతుంది, పాలిపోయి మెరుపు చచ్చిపోతుంది. పొద్దున పదకొండు దాటాక గానీ మొదలుపెట్టొద్దన్నారు. వారం ముందు నుంచీ పాత బీరువా తలుపు మీద చేతిని అలవాటు చేసుకున్నాను. జానెడు దూరం, మణికట్టు తిప్పకుండా మొత్తం చెయ్యి జరగాలి, డోరు అంచు బయటే గన్ను నొక్కి అవతలి అంచు దాటాకే వదలాలి, ప్రతి వరస ముందు వరసని సగం కప్పాలి. బిస్మిల్లా అని బోనెట్ మీద మొదలుపెట్టాను. మా అబ్బాయి ఫోను స్పీకర్లో పెట్టి పట్టుకున్నాడు. అబ్బా గన్ను చప్పుడు విని, "హవా జాస్తీ హై, కమ్ కర్" అన్నారు. తగ్గిస్తే నిజంగానే పొగ తగ్గి రంగు తడిగా పరుచుకుంది. "అబ్ ఠీక్" అన్నారు. మూడు కోట్లు అలాగే, మధ్యమధ్య ఆగుతూ, అసర్ దాకా.

రెండు వారాలు ఆరనిచ్చి 1500, 2000 కాగితాలతో నీళ్లు పోసి రుద్ది, కాంపౌండ్ పట్టించాం. ఎన్‌సీకి మెరుపు గన్నులోంచి రాదు, గుడ్డలోంచి వస్తుంది. అప్పటికి వాసన పోయింది కాబట్టి అబ్బా కూడా ఒక గుడ్డ తీసుకుని డ్రైవర్ డోరు దగ్గర కూర్చున్నారు. గంటసేపు మాట్లాడలేదు, దగ్గలేదు. కంప్రెసర్ కిరాయితో కలిపి మొత్తం ఖర్చు తొమ్మిది వేల చిల్లర. ఆర్టీఏ ఆఫీసులో బండి చూసిన ఆయన ఏ షెడ్డు అని అడిగారు. అబ్బా నా వైపు చూపించి, "హమారా షాగిర్ద్" అన్నారు. ఆయనకి ఉర్దూ రాదేమో, తలూపి సంతకం పెట్టారు.

డిక్కీ లోపల ఇంకా పాత రంగే ఉంది. మిగిలిన అర లీటరు డబ్బా మూత బిగించి మెట్ల కింద పెట్టాను. వానలు పోయాక పట్టుకోవాలి.