అమ్మ అరటి పాదు

అత్తిలిలో మా ఇంటి స్నానాలగది వెనక అరటి పాదు ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు కుడితి గోలెంలోకి, స్నానాల నీళ్లు అరటికి. వీధిలోకి చుక్క పోనిచ్చేది కాదు అమ్మ.

ఉద్యోగం నుంచి దిగి ఊరొచ్చాక నేను చేసిన మొదటి పని ఆ పాదు తీయించడం. దోమలని పెరడంతా సిమెంటు చేయించి, సెప్టిక్ ట్యాంకు నీటితో సహా అన్నిటికీ గొట్టాలు వేయించి వీధి కాలవలో కలిపేశాను. ‘‘ఎరువు కొనుక్కొచ్చేది నువ్వే, ఉన్నది పారబోసేదీ నువ్వే’’ అంది అమ్మ. నవ్వేసి ఊరుకున్నాను.

అమ్మ పోయిన మర్నాటి ఏడు వానాకాలంలో, వీధి పల్లంలో ఉండే ఇంటావిడ మా గుమ్మంలోకొచ్చింది. ‘‘మాస్టారూ, మీ నీళ్లు మా వంటింట్లోకి వస్తున్నాయండీ. పిల్లాడికి వారంగా విరేచనాలు.’’ తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

అప్పుడు పుస్తకాలు తిరగేశాను. మనిషి మూత్రంలో ఏడాదికి మూడు నాలుగు కిలోల నత్రజని పోతుందట. ఆరుగురున్న ఇంటి నుంచి ఇంచుమించు ఒక యూరియా బస్తాలో ఉన్నంత! దానికి తోడు భాస్వరం. ఆ భాస్వరం ఎరువుల ముడిరాయిని మన దేశం చాలావరకు బయటి దేశాల నుంచే కొంటోంది. చేలో బలమయ్యేదే కొల్లేటికి చేరితే గుర్రపుడెక్కకి మేతవుతోంది.

మన చేపలు తినే కలకత్తా వాళ్లు ఈ లెక్క ముందే తెలుసుకున్నారు. నగరం మురుగును తూర్పు శివారు చెరువుల్లోకి మళ్లిస్తారు. ఎండ, నాచు కలిసి చాలావరకు తేరుస్తాయి. ఆ నీళ్లలో చేపలు పెంచి, మిగిలినవి వరికి పెడతారు. ఆ చెరువులూ, మన కొల్లేరూ ఒకే రోజున, 2002 ఆగస్టు 19న, రామ్‌సర్ జాబితాకెక్కాయి. వాళ్లది మురుగుతో బతుకుతోంది, మనది మురుగుతో చిక్కిపోతోంది.

అలాగని మరుగుదొడ్డి నీళ్లు తిన్నగా చేలో పెట్టమని కాదు. అందులో నులిపురుగుల గుడ్లుంటాయి, రోగాలుంటాయి. శుద్ధి చేశాకే వాడాలి. అప్పుడైనా పచ్చిగా తినే కూరలకి పెట్టకుండా ఉంటే మంచిది.

పెరట్లో సిమెంటు పగలగొట్టించాను. స్నానాల నీళ్లు మళ్లీ అరటికే. మొదటి గెల దిగగానే సగం పల్లంలో ఇంటికి పంపాను. ‘‘ఇప్పుడు నీళ్లు తగ్గాయండీ’’ అని కబురు పెట్టింది ఆవిడ.

తగ్గాయే గానీ ఆగలేదు. సెప్టిక్ ట్యాంకు గొట్టం ఇంకా ఆ కాలవలోనే ఉంది. దానికి ఊరంతా కలిసి తవ్వుకునే చెరువు కావాలి. వచ్చే గ్రామసభలో ఆ మాట నేనే ఎత్తాలి. మొదట నా గొట్టం సంగతి చెప్పి.