జవాబు చెప్పని డిస్కు



మన మందిరం ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్ మీకు తెలుసు. బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్లిళ్ల రిజిస్టరు, ఆదివారం తెర మీద వేసే పాటలు అన్నీ దానికి యూఎస్‌బీ వైరుతో తగిలించిన చిన్న పెట్టెలోని హార్డ్ డిస్కులో ఉంటాయి. గత నెల ఆ డిస్కు పాడైపోయిందని చెప్పి, కొత్తదాని కోసం మిమ్మల్ని ప్రత్యేక కానుక అడిగాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

మెమరీ పెంచుదామని మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు, కంప్యూటర్ లోపల ఏ భాగాలున్నాయో కనిపెట్టి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాడు. తర్వాత కంప్యూటర్ మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలైంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే వరుసగా ఎర్ర గుర్తులు. సోర్స్ దగ్గర డిస్క్ అని, ఈవెంట్ ఐడీ దగ్గర 11 అని ఉంది. కంట్రోలర్‌లో లోపం కనబడిందని దాని అర్థం. నా గుండె జారిపోయింది. "ఏం పని చేశావయ్యా ఇది?" అని నలుగురి ముందు ఆ తమ్ముణ్ణి గద్దించాను. "చూశానంతే అయ్యగారూ, ఏదీ మార్చలేదండి" అన్నాడు. నేను వినలేదు.

ఆ రాత్రి ముందుగా రిజిస్టర్లన్నీ వేరే చోటికి కాపీ చేశాను. ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది అదే. తర్వాత ఎర్ర గుర్తుల పక్కనున్న సమయాలు కాగితం మీద రాసుకున్నాను. ప్రతిసారీ ఆ సాఫ్ట్‌వేర్ తెరిచిన నిమిషమే. దాన్ని మూసేసి ఒక రోజంతా పనిచేశాను, ఒక్క లోపమూ రాలేదు. మళ్లీ తెరిచాను, వెంటనే వచ్చింది. వైరు మార్చినా, వేరే పోర్టులో పెట్టినా అంతే.

మర్నాడు ఆ తమ్ముణ్ణే పిలిచాను. ఇద్దరం డిస్కును పెట్టెలోంచి తీసి, సాటా కేబుల్‌తో నేరుగా మదర్‌బోర్డుకు తగిలించాం. అదే సాఫ్ట్‌వేర్ తెరిచాం. లోపం రాలేదు. డిస్కు తన ఆరోగ్యం లెక్కలన్నీ చక్కగా చూపించింది. పాడైన సెక్టార్లు 0, అనుమానంలో ఉన్నవి 0.

సంగతేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి డిస్కునూ స్మార్ట్ అనే ఆరోగ్యపు లెక్కలు అడుగుతుంది. పెట్టెలో డిస్కుకూ యూఎస్‌బీకీ మధ్య ఒక చిన్న బోర్డు ఉంటుంది. అది దుబాసీ లాంటిది. ఫైళ్లు చదవడం, రాయడం దానికి వచ్చు. ఆరోగ్యం గురించిన ప్రశ్నను మాత్రం ఇలాంటి కొన్ని బోర్డులు అవతలికి చేర్చలేవు, తడబడతాయి. ఆ తడబాటునే విండోస్ కంట్రోలర్ లోపమని రాసుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో డిస్కులను పరీక్షించడం ఆపేశాం. డిస్కును మళ్లీ పెట్టెలో పెట్టాం. ఎర్ర గుర్తులు ఆగిపోయాయి.

మీ ఇంట్లో 11 కనబడితే ఇదే కారణమని అనుకోకండి. వదులైన వైరు, చాలని కరెంటు, నిజంగా పాడవుతున్న డిస్కు కూడా అదే నంబరు చూపించగలవు. దానితోపాటు చెడ్డ బ్లాకును తెలిపే 7 కూడా వస్తుంటే డిస్కునే అనుమానించండి.

డిస్కు బాగానే ఉంది. ఆ తమ్ముడు చెప్పిందీ నిజమే. సమయాలు చూడకముందే ఇద్దరికీ తీర్పు చెప్పింది నేను. ఇళ్లకు వచ్చినప్పుడు కూడా "మందిరానికి ఎందుకు రావడం లేదు?" అని గుమ్మంలోనే అడిగి, జవాబు రాకపోతే విశ్వాసం చల్లారిందని ఎన్నిసార్లు అనుకున్నానో. నేను అడిగిన తీరు వాళ్లకు అందిందో లేదో ఒక్కసారీ చూసుకోలేదు.

నలుగురిలో గద్దించాను కాబట్టి వచ్చే ఆదివారం నలుగురిలోనే ఆ తమ్ముణ్ణి క్షమాపణ అడుగుతాను. కానుక ఇచ్చినవారు దయచేసి సంఘ పెద్దల దగ్గర తిరిగి తీసుకోండి. అడగడం నేర్చుకునేలా నా కోసం ప్రార్థించండి.