మీగడ కట్టని రంగు వెనుక

ఎనామిల్ డబ్బా మూత తీయగానే పైన మీగడ కట్టి కనిపించిందంటే, పెయింటర్ ఆ డబ్బాను తిరిగి తెచ్చిస్తాడు. నంద్యాలలో రంగుల దుకాణం నడిపే పెద్దాయన చెప్పిన మాట ఇది. ఆ మీగడ కట్టకుండా కలిపే మందు గురించే నేను ఆయన్ను కలిశాను. అటునుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డలో ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే షెడ్డుకు వెళ్లాను.

ఆ మందు మిథైల్ ఇథైల్ కీటాక్సిమ్. పొట్టిగా మెకో. ఎనామిల్‌లో ఉండే ఆల్కిడ్ రెజిన్‌ను సోయా, అవిసె వంటి నూనెలతో చేస్తారు. గాలిలోని ఆక్సిజన్ తగిలితే అది గట్టిపడుతుంది. త్వరగా ఆరాలని కోబాల్ట్ డ్రైయర్ వేస్తారు. మూత కింద మిగిలిన కాస్త గాలికే డబ్బాలోని రంగు తొక్క కట్టకుండా, మెకో ఆ కోబాల్ట్‌ను పట్టి ఉంచుతుంది. రంగు పూశాక మెకో ఆవిరైపోతుంది, కోబాల్ట్ పని మొదలుపెడుతుంది. రంగు బరువులో 0.2 శాతం మేర వేస్తే చాలు. అయితే తన పని పూర్తి కావాలంటే అది గాలిలో కలవాల్సిందే. ఆ గాలిని ముందుగా పీల్చేది రంగు వేసే మనిషి.

షెడ్డుకు మూడు వైపులా రేకులే. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్న కుర్రాడు స్ప్రే గన్‌తో ట్రాలీ అడుగున ఎర్రరంగు కొడుతున్నాడు. "వాసన అలవాటైపోయింది సార్. తలకాయ నొప్పి లేస్తే బయటికొచ్చి నిలబడ్తాం" అన్నాడు. ఆ నొప్పిలో థిన్నర్ వాటా ఎక్కువే కావచ్చు. కానీ ఆవిరిని తువ్వాలు ఆపదు. ఆవిరిని పట్టే కార్బన్ మాస్కు కావాలి, ట్రాలీని ఆరుబయటికి లాగి రంగు వేయాలి.

మెకో పీల్చిన ఎలుకల కాలేయంలో కణుతులు వచ్చాయి. 2022 మార్చి 1 నుంచి ఐరోపా సమాఖ్య దీన్ని క్యాన్సర్ కారకంగా లెక్కిస్తోంది; 0.1 శాతం, అంతకు మించి ఉన్న రంగును సాధారణ జనానికి అమ్మకూడదు. దాంతో కంపెనీలు ప్రత్యామ్నాయాలు వెతికాయి. అదే కుటుంబంలోని అసిటోన్ ఆక్సిమ్ కూడా అక్కడ క్యాన్సర్ కారకాల జాబితాకే చేరింది. చుట్టం స్థానంలో చుట్టాన్ని తెస్తే లాభం లేదని నాకు గట్టిగా అనిపించింది. ఆవిరి కాకుండా రంగులోనే ఉండిపోయే యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయి. వాటితో రంగు ఆలస్యంగా ఆరవచ్చు, తెల్లరంగు పసుపెక్కవచ్చు. అందుకే డ్రైయర్ పాళ్లు కూడా మార్చి చూడాలి. కోబాల్ట్‌కు బదులు మాంగనీసు, ఇనుము డ్రైయర్లు వాడేవారూ ఉన్నారు. నీటితో కలిపే యాక్రిలిక్ ఎనామిల్ అయితే ఈ మందు బెడదే ఉండదు.

మన దేశంలో 2016 నాటి నియమాలు ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు కట్టడి చేశాయి. 2017 నవంబరు నుంచి అవి అమల్లో ఉన్నాయి. వాటిలో ఉన్నది సీసం సంగతే, మెకో ఊసు లేదు.

షెడ్డులో కుర్రాడి దగ్గరున్న రంగు డబ్బా తిప్పి చూశాం. మంట గుర్తు ఉంది. మీగడ మందు పేరు లేదు.

"పేరే లేకుంటే అంగట్లో ఏమని అడగాల సార్?"

ఆ పేరు, దాని పాళ్లు, పక్కనే ఏ మాస్కు వాడాలో తెలుగులో డబ్బా మీద అచ్చువేయాలి. దీన్ని కంపెనీల ఇష్టానికి వదలకుండా ప్రభుత్వమే నియమం చేయాలి.