ఓరుగంటి కోట: ఆకాశదృష్టి

కాకతీయుల రాజధానియగు ఓరుగల్లును జూడబోవువారు సాధారణముగ నాలుగు కీర్తితోరణములను గాంచి మరలుదురు. మేమును గత మాఘమాసమున పిల్లలతో నచటికి బోయితిమి. స్వయంభూదేవాలయపు శిథిలముల నడుమ నిలిచి చూచిన తోరణములు కన్నులపండువుగ నుండును గాని, కోట యాకృతి బోధపడదు. గణపతిదేవుడారంభింప రుద్రమదేవి పూర్తిచేయించిన రాతిప్రాకారమునకు 45 బురుజులు, చుట్టును అగడ్త, దానికావల మట్టికోట. నడుమ ఇండ్లును పొలములును అడ్డమగుటచే నివి తునకలుగనే కనబడును.

ఇస్రోవారి భువన్ పటములో జూచినచో, రెండు ప్రాకారములును ముగ్గువేసినట్లు వలయములుగ నగపడును. లోపలి వలయపు అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, వెలుపలిది 2.4.

ఇట్లు నింగినుండి నేలను పరిశీలించుటనే దూరసంవేదనమందురు. ఉపగ్రహము కంటికందని పరారుణకిరణములను గూడ గ్రహించును. పచ్చని యాకు వానిని మిక్కుటముగ త్రిప్పిపంపును గావున, గోడలపై మొలచిన చెట్లును, అగడ్తను గప్పిన గుర్రపుడెక్కయు స్పష్టముగ తెలియును. 2019 లో ప్రయోగించిన కార్టోశాట్-3 పావుమీటరు వస్తువును గూడ వేరుపరచి చూపగలదు. ఏటేటి పటములను ప్రక్కప్రక్క నుంచినచో, మట్టికట్ట యెచ్చట తరిగినదో, క్రొత్తగోడ యెచ్చట లేచినదో బయల్పడును.

2010 నాటి చట్టసవరణము కేంద్రరక్షిత కట్టడములకు 100 మీటర్లలోపల క్రొత్తనిర్మాణములను నిషేధించి, ఆపై 200 మీటర్లవరకు అనుమతి కావలెనన్నది. ఆ హద్దులను పటములపై గుర్తించుటకు హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము పురావస్తుశాఖకు తోడ్పడినది.

ఇది గృహిణులకును బట్టిన విషయమే. ఓరుగంటి కోటలోపల కాపురములున్నవి. కోడలు వచ్చునని యొక గది వేయదలచిన యిల్లాలు, హద్దెరుగక గోడలేపి పిమ్మట కూల్చుకొనవలసివచ్చిన, కూడబెట్టిన సొమ్మంతయు మన్నుపాలగును గదా! పునాది త్రవ్వకమునుపే పటము చూపిన, కోటయు దక్కును, ఆమె ధనమును దక్కును. నిషిద్ధభూమిలోనైనను పాతయింటి మరమ్మతునకు అనుమతి కోరవచ్చునని ఆమెకు దెలుపుటయు నధికారుల విధియే.

అయినను, ఆకాశనేత్రము కప్పుక్రింది పగులును గాని, శిల్పముపై నెవరో గీకిన పేరును గాని కనజాలదు. అది దగ్గరనున్నవారు చూచి తెలుపవలసినదే.

సోదరీమణులారా! ఓరుగల్లునకు బోవుటకు ముందు పిల్లలకు భువన్ పటము చూపుడు. తోరణములతోనే తనివినొందక, మట్టికోటదాక నడిపింపుడు. అది వట్టి మట్టిదిబ్బ కాదనియు, రుద్రమదేవి కాలపు ప్రజల చెమట యందున్నదనియు చెప్పుడు. అది యెరిగిన బిడ్డ యచ్చట తట్టెడు మన్నైనను త్రవ్వనీయడు.