ఆకు తపసిది, రెక్క నారయేపిది

అక్టోబరు వస్తే చాలు, కెనడాలో ఉన్న మన పిల్లలు ఎర్రబారిన మేపుల్ చెట్ల ఫోటోలు పంపడం మొదలెడతారు. ధర్మపురి జిల్లా మహేంద్రమంగళంలో, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే పెద్దలకీ ఆ ఆకు ఇప్పుడు కొత్త కాదు. 1965 నుంచి ఆ దేశపు జెండా మీద ఉన్నదే కదా! చూడగానే అడిగే ప్రశ్న కూడా ఒకటే: "ఇది మన పక్క ఉందా?"

లేదు. మన దేశంలో మేపుల్ తావు హిమాలయాలు, ఈశాన్య కొండలు. అయితే దాని ఆకు పోలికా కాయ పోలికా దక్షిణాది ఎండు అడవుల్లో రెండు వేరే చెట్లు పంచుకున్నాయి.

ఆకు పోలిక తపసిది. అయిదు కొసలుగా చీలిన వెడల్పాటి ఆకు చేతిలో పెడితే ఎవరైనా మేపుల్ అనేస్తారు. కొమ్మ చూస్తే గుట్టు బయటపడుతుంది. మేపుల్ ఆకులు ఎదురెదురుగా జంటగా పుడతాయి. తపసివి ఒకటి విడిచి ఒకటి పుట్టి, కొమ్మ చివర గుత్తి కడతాయి. మాను తెల్లగా నున్నగా ఉండి, బెరడు పలచటి పొరలుగా లేస్తుంది. ఆకు రాల్చి రాళ్ల మధ్య నిలబడ్డ తపసిని వెన్నెల్లో చూస్తే దయ్యమే అనుకోవాలి. పండిన కాయ ఎర్రన, దాని నూగు గుచ్చుకుంటే మంట. బంకకి మాత్రం మంచి గిరాకీ. మందుల్లోకీ, పెట్టుడు పళ్లు అంటించే పొడిలోకీ అదే. ఆశకొద్దీ లోతుగా గాట్లు పెడితే చెట్టు చస్తుంది.

రెక్క పోలిక నారయేపిది. తమిళులు ఆచ్చా అంటారు. కావేరి లోయ అడవుల్లో కనిపిస్తుంది. ఆకుకి రెండే రేకులు, మొదట్లో కలిసి ఉంటాయి. చదునైన కాయలో కొసన ఒక్క గింజ, మిగతాదంతా రెక్క, గాలికి ఎగిరిపోతుంది. మేపుల్ రెక్కలు జంట, దీనిది ఒంటి రెక్క. నారతో తాళ్లు పేనేవారు. చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది.

ఈ రెండింటికీ శాస్త్రీయ నామం పెట్టింది ఒక్కరే, మన సామర్లకోటలో మొక్కలు పెంచి, 1793లో కలకత్తా తోటకి వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్.

చెట్టు పేరు కోసం ఎవరికైనా ఫోటో పంపేటప్పుడు ఆకొక్కటే తీయకండి. కొమ్మ, బెరడు, కాయ కూడా తీయండి. తపసి కాయని మాత్రం చేత్తో ముట్టుకోకండి.