చక్రాల మిద్దెకు చల్లని గవాచి

మే నెల... మిట్టమధ్యాహ్నం... కోడుమూరు.

కర్నూలు నుంచి బళ్లారి వైపు వెళ్లే రోడ్డు మీద ఈ వేళకు అన్నీ దొరుకుతాయి, ఒక్క నీడ తప్ప. పొద్దున ఉగ్గాని, బజ్జీల కోసం మూగిన జనం ఎటుపోయారో తెలీదు. హంద్రీలో నీళ్లకు బదులు ఇసుక మెరుస్తుంటుంది. రోడ్డు పక్కన ఓ వేపచెట్టు ఉంటే, దాని కిందే మూడు లారీలు. సిమెంటు బస్తాలది ఒకటి, బేతంచెర్ల నాపరాళ్లది ఇంకొకటి. చెట్టు మొదట్లో టార్పాలిన్ పరుచుకుని, మొహం మీద తుండుగుడ్డ వేసుకుని డ్రైవర్లు పడుకుని ఉంటారు. చోటు దొరక్క ఎండలో ఆపిన వాడికి టీకొట్టు దగ్గర వినిపించే మాట ఒకటే... ‘యాడ నిలిపినావన్నా బండి? చెట్టు కింద పెట్టుకోగూడదా!’

క్యాబిన్‌లో పరుపుంది, ఫ్యానుంది. అయినా నేల మీద ఎందుకు? ఎండలో గంటసేపు నిలబడిన బండి తలుపు మీద చేయి పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. ఆ రేకుల పెట్టెలో నిద్ర పట్టదు. నిద్రలేని డ్రైవరు రాత్రికి స్టీరింగు పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే బండి పైకప్పు మీద కూర్చునే ఏసీ గురించి మాట్లాడుకోవాలంటే కోడుమూరును మించిన చోటు లేదు. ఇక్కడ చల్లబరచగలిగితే ఇంకెక్కడైనా చల్లబరచొచ్చు!

ఇల్లే ప్రయాణం కడితే...

ఇంటిలాంటి బండి తెలుగువాళ్లకు కొత్త కాదు. 1982లో ఎన్టీ రామారావు ఓ పాత షెవ్రొలే వ్యానును మార్పించి ‘చైతన్య రథం’ అని పేరుపెట్టి రాష్ట్రమంతా తిరిగారు. ఆ బండి పైకప్పే ఆయనకు వేదిక. ఆ తర్వాత సినిమావాళ్ల కారవాన్లు వచ్చాయి. కేంద్ర పర్యటక శాఖ 2009లోనే కారవాన్ల కోసం ఒక విధానం తెచ్చింది. 2021లో కేరళ ‘కేరవాన్ కేరళ’ అంటూ ముందుకొచ్చింది. ఇప్పుడు మామూలు కుటుంబాలు కూడా వ్యాను కొని మంచం, పొయ్యి, సింకు బిగించుకుని బయల్దేరుతున్నాయి.

కర్నూలులో అలాంటి కుటుంబం ఒకటి ఉందనుకుందాం. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పుల తాతయ్య. వేసవి సెలవుల్లో మంత్రాలయం పోదామనుకున్నారు. నలభై కిలోమీటర్లలోపే కోడుమూరు. అక్కణ్నుంచి గోనెగండ్ల, ఎమ్మిగనూరు దాటితే తుంగభద్ర ఒడ్డు. దారిలో గాజులదిన్నె జలాశయం గట్టు దగ్గర మధ్యాహ్నం భోజనం. ఆలోచన బాగానే ఉంది. కానీ బండి ఆపిన పావుగంటకే తాతయ్యకు ఉక్కిరిబిక్కిరైతే? ‘పైన ఒక ఏసీ పెట్టించేస్తే పోలా!’ అంటాడు కొడుకు.

పెట్టించొచ్చు. కాకపోతే దుకాణానికి వెళ్లేముందు ఒకసారి ఊళ్లోని పాత మిద్దెను చూడాలి.

ముందు కప్పు... తర్వాతే ఏసీ

రాయలసీమ మట్టి మిద్దె ఎలా కట్టేవారో పెద్దవాళ్లనడగండి. లావుపాటి రాతిగోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన కట్టెపుల్లలు, ఆకు, మందంగా మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. ఆ మందం దాటి ఎండ లోపలికి దిగేసరికి పొద్దు వాలిపోయేది. అందుకే ఊరంతా ఉడికిపోతున్నా మిద్దెలో చాప వేసుకుని ఓ కునుకు తీయగలిగేవారు. కరెంటు బిల్లు సున్నా!

వ్యానుకు ఆ మందం లేదు. మిల్లీమీటరు మందమైనా లేని ఇనుపరేకు దాని కప్పు. లెక్క చూడండి. మబ్బులేని మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 1,000 వాట్లు. అయిదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న కప్పంటే పది చదరపు మీటర్లు. అంటే 10,000 వాట్లు... నెత్తిన పది హీటర్లు పెట్టినట్టే! కప్పు మీద బిగించే మామూలు ఏసీ బయటికి తోడేయగలిగే వేడి 4,000 వాట్లు. పడిన ఎండంతా లోపలికి దిగదు, నిజమే. ఎంత దిగుతుందనేది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

నల్లరంగు రేకు ఎండలో దాదాపు అంతా పీల్చుకుంటుంది, తెలుపు చాలావరకు తిప్పి కొడుతుంది. మిద్దెల మీద సున్నం కొట్టడం వెనకున్న కిటుకు అదే. 2023లో తెలంగాణ ప్రభుత్వం ‘కూల్ రూఫ్’ విధానం పేరుతో చెప్పిందీ అదే. కాబట్టి మొదటి ఖర్చు తెల్లరంగు. రెండోది, రేకు కింద అంగుళం నుంచి అంగుళంన్నర మందాన ఫోమ్ పలక. మూడోది, ముందు అద్దానికి వెండిరంగు తెర. పెద్ద అద్దం తెరిచిన కిటికీతో సమానం. ఈ మూడూ అయ్యాక కొనే ఏసీ చిన్నదైనా సరిపోతుంది. ఇవేవీ లేకుండా ఎంత పెద్దది కొన్నా ఓటికుండలో నీళ్లు పోసినట్టే.

ఎంత టన్ను?

ఇంట్లో ఏసీని టన్నుల్లో కొంటాం. బండి మీది ఏసీని ఎక్కువగా ‘బీటీయూ’ల్లో అమ్ముతారు. కంగారుపడక్కర్లేదు... గంటకు 12,000 బీటీయూలంటే ఒక టన్ను. విదేశాల్లో ఎక్కువగా వాడేవి 13,500, 15,000 రకాలు. అంటే టన్నుకు కాస్త పైన, టన్నుంపావు. కప్పు సరిగ్గా కాపాడుకున్న చిన్న వ్యానుకు టన్నులోపుది కూడా చాలు. ఆరేడు మీటర్ల బండికి 13,500 రకం చూసుకోవాలి.

అయితే డబ్బా మీద రాసిన అంకె సాధారణంగా బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. కర్నూలు వేసవిలో 42 మామూలే. రేకు దగ్గర గాలి వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత కంటే ఇంకా వేడి. వేడి పెరిగే కొద్దీ యంత్రం సత్తా తగ్గుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. అందుకే అమ్మేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న... ‘46 డిగ్రీల్లో ఇది ఎంత చల్లబరుస్తుంది?’ అని. ఆ అంకె చెప్పలేని యంత్రం ఇక్కడి ఎండలకు నమ్మదగింది కాదు.

రెండో ప్రశ్న వోల్టేజీ గురించి. అమెరికాలో ఉన్న అబ్బాయి చవగ్గా దొరికిందని పంపాడనుకోండి, అది 115 వోల్టులు, 60 హెర్ట్‌జ్‌ల కరెంటుకు చేసింది. మనది 230, 50. నేరుగా పెడితే పనిచేయదు. మూడో ప్రశ్న, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? కర్నూలు మెకానిక్ చేయి వేయగలిగిన యంత్రం, విడిభాగాలు దొరికే యంత్రమే మంచిది. నాలుగోది చప్పుడు. యంత్రం సరిగ్గా మంచం పైనే వస్తే తాతయ్య నిద్ర సంగతి గోవిందా! కొనేముందు ఆన్ చేయించి వినాలి.

కప్పుకో కంత

పాత మిద్దెకు గవాచి ఉండేది. వెలుతురు రావడానికి, పొయ్యి పొగ పోవడానికి కప్పులో వదిలిన కంత. వానొస్తే దాన్ని బండతోనో రేకుతోనో మూసేవారు. వ్యాను పైకప్పు ఏసీకీ అలాంటి గవాచే కావాలి. చాలా రకాలకు పద్నాలుగు అంగుళాల చదరపు కంత కోయాలి. యంత్రం పైన, చల్లగాలి పంచే పెట్టె కింద. మధ్యలో రబ్బరు చుట్టు. ఆ రబ్బరు నలిగినా, బోల్టులు వదులైనా తొలకరి వానకే కప్పు కారుతుంది. మిద్దెకు ఏటా వానలకు ముందు చౌడు పోసుకున్నట్టే, ఏటా జూన్‌కు ముందే ఈ రబ్బరునూ చూసుకోవాలి.

యంత్రం బరువు 30 నుంచి 45 కిలోల దాకా ఉంటుంది. రేకు ఒక్కటే మోయలేదు, కింద అడ్డపట్టీలు వేయించాలి. బండి ఎత్తు కూడా అడుగు వరకు పెరుగుతుంది. నీడ కోసం వేపచెట్టు కిందికి దూరేముందు కొమ్మ ఎంత కిందికుందో చూసుకోవాలి మరి. ఇంకో ముఖ్యమైన సంగతి... కంపెనీ చేసిన బండి రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కోత పెట్టేముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, మార్పును ఆర్సీలో రాయించుకోవడం మేలు.

కరెంటు ఎక్కడిది?

అసలు చిక్కంతా ఇక్కడే. బస్సుల్లో ఏసీ ఇంజిన్‌తో నడుస్తుంది. ఇంజిన్ ఆపితే ఏసీ ఆగుతుంది. గాజులదిన్నె గట్టున బండి ఆపి పడుకోవాలంటే వేరే కరెంటు కావాలి.

13,500 రకం ఏసీ సుమారు 1,200 నుంచి 1,500 వాట్లు లాగుతుంది. మొదలయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు. దీన్ని ఇంటి కరెంటుతోనో జనరేటర్‌తోనో నడపాలి. బ్యాటరీతోనే నేరుగా నడిచే 12, 24 వోల్టుల ఏసీలు కూడా ఉన్నాయి. చల్లదనం తక్కువే గానీ 500 నుంచి 700 వాట్లతో సరిపెట్టుకుంటాయి. 200 ఏహెచ్, 12 వోల్టుల లిథియం బ్యాటరీలో దాచుకోగలిగేది రెండున్నర యూనిట్లు. అంటే బ్యాటరీ ఏసీకి నాలుగైదు గంటలు. పెద్ద ఏసీకి రెండు గంటలైనా కష్టమే. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1.8 యూనిట్లు చూపిస్తుంది, కానీ సగానికి మించి తోడితే త్వరగా పాడవుతుంది.

ఎండే శత్రువు కదా, దాంతోనే పని చేయించుకుంటే? కర్నూలుకు అదేం కొత్త కాదు. గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది ఈ ఎండతోనే! బండి కప్పు మీద 800 వాట్ల పలకలు పట్టిస్తే మంచి ఎండలో రోజుకు మూడు, నాలుగు యూనిట్లు వస్తాయి. పలకలు కప్పుకు నీడ కూడా ఇస్తాయి. చిక్కేమిటంటే, ఏసీ కూడా ఆ కప్పు మీదే చోటడుగుతుంది. పలకలు కావాలంటే బండికి ప్రత్యేకంగా నీడ వెతకనూ కూడదు. ఏది ఎంతో ముందే కాగితం మీద గీసుకోవాలి.

ఇక జనరేటర్. ఇది మాత్రం ప్రాణాలతో పని. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగివున్న కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని పరిశీలనలో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి అసలే తెలియదు. జనరేటర్ నడుపుతూ తలుపులు బిగించుకుని పడుకోకూడదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవడమూ అంతే. ఏసీ కొన్న రోజే ఆ వాయువును పసిగట్టి మోగే చిన్న అలారం కూడా కొనాలి. తాతయ్య చల్లగా ఉండాలనే కదా ఇంత తాపత్రయం!

కూలర్ చాలదా?

చాలావరకు చాలు. సీమ ఎండకు ఒక మంచి గుణం ఉంది, అది పొడి ఎండ. నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. వట్టివేళ్ల తడికలకు నీళ్లు చల్లిన ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఇది తెలుసు. గాలిలో తేమ బాగా తక్కువగా ఉన్న మధ్యాహ్నం కూలర్ గాలిని పది డిగ్రీల దాకా చల్లబరచగలదు. ఖర్చయ్యే కరెంటు వంద, రెండొందల వాట్లలోపే. పైకప్పు మీద బిగించే కూలర్లు కూడా ఉన్నాయి. గంటకు కొన్ని లీటర్ల నీళ్లు కావాలి, ఒక కిటికీ తెరిచి ఉంచాలి.

అయితే అదే బండి మచిలీపట్నమో విశాఖో చేరిందా... కూలర్ చతికిలపడుతుంది. అక్కడ గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది. కాబట్టి కోడుమూరు, మంత్రాలయం, ఉరుకుంద, యాగంటి చుట్టూ తిరిగే కుటుంబానికి వేసవిలో తెల్లరంగు, ఫోమ్ పలక, కూలరు చాలు. సముద్రం చూడాలనుకుంటే ఏసీ తప్పదు. ఎక్కడికి వెళ్తామో తేలకుండా ఏం కొనాలో తేలదు.

వేపచెట్టు కింద...

పొద్దు కాస్త వాలింది. వేపచెట్టు కింద డ్రైవర్లు ఒక్కొక్కరే లేచి మొహం కడుక్కుంటున్నారు. వీళ్లకూ ఒక మంచి మార్పు వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని కేంద్రం నిబంధన పెట్టింది. బండి నడుస్తున్నంతసేపూ చల్లగా ఉంటుంది. కానీ అది ఇంజిన్‌తో నడిచే ఏసీ. ఇంజిన్ ఆపి నడుం వాల్చే వేళకు అదీ ఆగిపోతుంది. పాత లారీలకు ఆ మాత్రం కూడా లేదు.

కుటుంబానికి ఏసీ సరదాల్లో ఒకటి. డ్రైవరుకు మధ్యాహ్నం నిద్ర బతుకుతెరువు. ఎదురుగా వచ్చే బండ్లలోని వాళ్లకు ప్రాణరక్షణ. ఆపిన బండిలోనూ నడిచే చిన్న బ్యాటరీ ఏసీ మొదట చేరాల్సింది ఆ క్యాబిన్‌కే. అది వచ్చేదాకా దానికి ఒక తెల్లరంగు పూత, ఒక ఫోమ్ పలక.

అప్పటివరకు కోడుమూరు రోడ్డు మీద వేపచెట్టే దిక్కు. దానికి కరెంటు అక్కర్లేదు, ఆర్సీలో రాయించక్కర్లేదు. మనం చేయాల్సిందల్లా ఒకటే... దాన్ని కొట్టేయకుండా ఉండటం!