చెయ్యి దూరని చోట

నిప్పు సంగతి చెప్పడానికి మన భాషలో ఎన్ని మాటలు! దీపం వెలిగిస్తాం. చుట్ట ముట్టిస్తాం. కట్టెలు అంటిస్తాం. కుంపటి రాజేస్తాం. ఇరవై ఏళ్ళుగా ఈ తేడాలు క్లాసులో చెప్పి జీతం పుచ్చుకుంటున్నాను గాని, మోటారు ఇంజన్లలో కూడా ఇటువంటి తేడా వున్నదని రెండేళ్ళ క్రితమే తెలిసింది. పెట్రోలు ఇంజను ముట్టిస్తే అంటుకునే రకం. నిప్పురవ్వ వేసే ప్లగ్గు దానికి వున్నది. డీజిలు ఇంజనుకు ఆ రవ్వ లేదు. లోపలికి పీల్చిన గాలిని ఇరవయ్యో వంతుకు అణగదొక్కితే అది ఐదారు వందల డిగ్రీలు వేడెక్కుతుంది. అందులోకి నూనె చిమ్మితే తనంత తానే రాజుకుంటుంది.

చిక్కంతా చలిలో వస్తుంది. చల్లబడిన ఇనుము ఆ వేడిని పుట్టినది పుట్టినట్టే తాగేస్తుంది. అందుకని సిలిండరుకొకటి చొప్పున పెన్సిలు ముక్కంత కడ్డీ పెట్టారు. బ్యాటరీ కరెంటుతో దాని కొన కొన్ని క్షణాల్లో ఎనిమిది వందల డిగ్రీలు దాటి ఎర్రగా కాలుతుంది. పుస్తకాల్లో దాని పేరు గ్లో ప్లగ్గు. మన మెకానిక్కులు హీటర్ ప్లగ్గు అంటారు. ఒకప్పుడు మెటాడోర్ వానూ, డీజిలు అంబాసిడరూ తోలినవారికి దీనితో బాగా పరిచయం. బెజవాడ ఎండల్లో ఒకటి రెండు చచ్చినా బండి కదులుతుంది. మినెసోటాలో కదలదు.

మా మేనల్లుడు వుండేది ఆ మినెసోటాలోనే. నేను నెల సెలవు పెట్టి వెళ్ళినప్పుడు బయట సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన వున్నది. వాడి దగ్గర 1995 నాటి పికప్పు ట్రక్కు వున్నది. ఆరున్నర లీటర్ల టర్బో డీజిలు, ఎనిమిది సిలిండర్లు. అమెరికా సైన్యం హమ్వీ బళ్ళలో వాడినది ఈ జాతి ఇంజనే. అంత వీరవంశంలో పుట్టినది కాస్తా శుక్రవారం పొద్దున తెల్లపొగ కక్కి కూర్చున్నది. సోమవారం మావాడు ముప్ఫై మైళ్ళ దూరాన కొత్త వుద్యోగంలో చేరాలి. ఇంట్లో వున్న రెండో కారు కోడలిపిల్ల ఆస్పత్రి డ్యూటీకి తీసుకుపోతుంది. రిపేరు షాపువాడు బండి ఖరీదులో సగం అడిగాడు. పైగా, ప్లగ్గు విరిగితే తన పూచీ లేదన్నాడు.

ఆ మాట అనడంలో అతని తప్పు లేదు లెండి. టర్బో అంటే ఇంజను వదిలే పొగవేగానికి తిరుగుతూ లోపలికి మరింత గాలి తోసే చక్రం. తోలేవాడికి అది వరం. బాగుచేసేవాడికి మాత్రం అడ్డుగోడ. దాన్ని కుడిప్రక్క వెనకగా కూర్చోబెట్టారు. ఎడమప్రక్క నాలుగు ప్లగ్గులకూ చెయ్యి అందుతుంది. కుడిప్రక్క వెనకాల వున్న ఆరూ, ఎనిమిదీ టర్బో చాటున, గొట్టాల సందున ఎక్కడో వుంటాయి. పాత ప్లగ్గు మితిమీరి కాలితే కొన ఉబ్బుతుంది. బలంగా లాగితే ఆ ఉబ్బు రంధ్రంలో ఇరుక్కుని విరిగి లోపల పడుతుంది. అదృష్టం బాగుంటే ఇంజెక్టరు విప్పి తీయవచ్చు. లేకపోతే ఇంజను హెడ్డే దింపాలి. అంతకన్న బండిని పాత ఇనుముకు అమ్ముకోవడం నయం.

ఇక్కడ మా బావను గురించి చెప్పాలి. ఆయన ముప్ఫై ఏళ్ళపాటు బెజవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేశాడు. కొడుకు చేతికి గ్రీజు అంటరాదని పట్టుబట్టి, వాణ్ణి షెడ్డు గడప తొక్కనివ్వకుండా చదివించాడు. ఆ కొడుకే శనివారం రాత్రి తొమ్మిదింటికి, ఫోను గోడకు ఆనించి, "నాన్నా, ఎక్కడ మొదలుపెట్టమంటావు?" అన్నాడు. బెజవాడలో అప్పుడు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర.

బావ మాట్లాడలేదు. ఫోను చెడిందేమో అనుకున్నాం. కాసేపటికి, "కుడి చక్రం విప్పు" అన్నాడు.

చక్రం తీసి, దాని వెనక మడుగు తట్టను విప్పితే ఇంజను ప్రక్కభాగం కనబడింది. పరీక్షదీపం ఒక కొస బ్యాటరీకి తగిలించి, రెండో కొస ఒక్కొక్క ప్లగ్గుకూ ఆనించి చూశాం. దీపం వెలిగితే ప్లగ్గు బతికివున్నట్టు. ఎనిమిదింటిలో ఐదు చచ్చాయి. ముందునాడే పోసి నానబెట్టిన నూనె పుణ్యమా అని ఏడు ప్లగ్గులు గంటన్నరలో వచ్చాయి.

ఎనిమిదోది కనబడనే లేదు. మావాడు వెల్లకిలా పడుకుని మోచేతిదాకా చెయ్యి దూర్చాడు.

"కనబడడం లేదు నాన్నా."

"కనబడదురా. కళ్ళు మూసుకో. వేలితో వెతుకు. ఏమోయ్ మేష్టారూ, దీపం ఫోనుకు గాదు, వాడి చేతికి పట్టు."

సాకెట్టు తగిలింది. పావు చుట్టు విప్పడం, మళ్ళీ సగం వెనక్కి బిగించడం, నూనె వెయ్యడం. "కిర్రుమంటే ఆగు. నీ బలం చూపించకు" అంటూ బావ అక్కణ్ణుంచే చెవులు రిక్కించి వింటున్నాడు. ఒకసారి కిర్రుమన్నది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ముప్పావుగంట తరువాత ప్లగ్గు చేతిలోకి వచ్చింది. కొన మల్లెమొగ్గలా ఉబ్బి వున్నది, విరగలేదు.

కొత్తది ఎక్కించడం మరో విద్య. వేళ్ళు పట్టని చోట దాన్ని నిలబెట్టడమెట్లా? జానెడు రబ్బరుగొట్టం తెచ్చి ప్లగ్గు తలకు తొడగమన్నాడు బావ. గొట్టాన్ని వేళ్ళతో తిప్పుతూంటే మర దానంతటదే దారి వెతుక్కున్నది. దారి తప్పితే గొట్టమే జారిపోతుంది గాని, మర చెడదు. ఇంత చిన్న ఉపాయం ఎంతమంది చేతులు కోసుకున్నాక తట్టిందో!

తాళం సగం తిప్పి, బోర్డుమీది దీపం ఆరేదాకా ఆగి, స్టార్టు చేశాడు. కాస్త తెల్లపొగ వచ్చి తేలిపోయింది. ఇంజను లోగొంతుకతో అందుకున్నది. ఫోను దగ్గరగా పెట్టమన్నాడు బావ. చాలాసేపు విని, "ఎనిమిదీ పలుకుతున్నాయి" అని, వంటింట్లో వున్న మా అక్కయ్యను కేకేశాడు.

"ఏమిటా రొద, లారీయా?" అన్నది అక్కయ్య చెవి ఆనించి.

బావ ఆమెకు జవాబు చెప్పలేదు. "వాణ్ణి చేతులు ముందు కిరసనాయిలుతో కడుక్కోమను. ఉత్త సబ్బుతో పోదు" అన్నాడు నాతో.